దేవుని పోగు

మా మేనత్త పోయిందని మామ ఫోన్ చేసినప్పుడు బ్యాంకులో నా కౌంటర్ ముందు పదిమంది నిలబడి ఉన్నారు. "అత్త పోయిందిరా. పొద్దుగాల చాయ తాగింది, జరసేపు పండుకుంట అన్నది, ఇగ లేవలే," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. నేను సరే అని ఫోన్ పెట్టేశాను. ఎదురుగా ఉన్న మనిషి పాస్‌బుక్కులో అచ్చు వేసి ఇచ్చాను. ఆ వెనకాయనది కూడా వేశాను. తర్వాత లేచి బయటికి వచ్చేశాను. స్కూటర్ బ్యాంకు ముందే ఉండిపోయింది. అమ్రోలీ వంతెన మీదికి వచ్చాక గానీ నేను నడవడం లేదని, ఆఫీసు బూట్లతోనే ఉరుకుతున్నానని నాకే తెలియలేదు.

ఇది జరిగి పదహారు రోజులైంది. ఆమె గురించి నాలుగు ముక్కలు రాద్దామని ఇప్పటికి ఐదుసార్లు కూర్చున్నాను, ఐదుసార్లు లేచాను. కాలుగాలిన పిల్లిలా ఏమిటా తిరగడం అని మా ఆవిడ విసుక్కుంటోంది. చిన్నప్పటినుంచీ నేనింతే. ఆ సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది అత్తే. "వీని కాళ్ళల్ల షటిల్ ఉన్నది, ఇటుకెల్లి అటు కొట్టుకుంటనే ఉంటది," అనేది. నేత పనివాళ్ళ ఇంట్లో పుట్టినవాడికి అంతకంటే సరిపోయే తిట్టు ఇంకోటి లేదు.

అత్త మా నాన్నకు అక్క. నాన్న తెలంగాణ నుంచి సూరత్‌కు సాంచెల మీద పనికి వచ్చాడు. సాంచె అంటే కరెంటు మగ్గం. అమ్మ ఊళ్ళోనే ఉండిపోయింది. నేను నాలుగో తరగతిలో ఉండగా నన్ను తీసుకొచ్చి అత్త దగ్గర పెట్టారు. కతర్‌గామ్ దాటాక నది వైపు వరసగా ఉండే ఒంటిగదుల ఇళ్ళలో వాళ్ళదొకటి. మామ ఊరి అవతల సచిన్ అనే చోట ఒక రంగుల మిల్లులో పనిచేసేవాడు. వాళ్ళకు పిల్లల్లేరు. ఇంట్లో తలుపు పక్కనే కండెలు చుట్టే మిషన్ ఉండేది. షటిల్‌లో పెట్టే దారపు కండె అయిపోగానే సాంచెకు కొత్తది కావాలి. ఆ కండెలు చుట్టడం అత్త పని. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా అదే పీట మీద కూర్చునేది. ఆ మిషన్ చప్పుడుకు ఆమెకు చెవులు సగం పోయాయి. అందుకే గట్టిగా మాట్లాడేది, ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకునేది. మాట్లాడుతూ మాట్లాడుతూ మన చొక్కా మీద అంటుకున్న నూగు ఏరి పారేసేది. పెద్ద ఆఫీసర్ వచ్చినా అంతే.

చదువు రాదు గానీ లెక్క తప్పేది కాదు. అయితే ఆ లెక్క ఆమెదే. పొద్దున చుట్టిన మొదటి కండె బుట్టలో వేయదు. దేవుని పటం ముందు పెడుతుంది. "అది దేవునిది, లెక్కల రాదు." రెండో కండె దగ్గరే ఆమెకు ఒకటి మొదలవుతుంది. ఒక్క కండెలే కాదు, ఇంట్లో అన్నీ అంతే. ఐదు రొట్టెలు చేశానంటే గిన్నెలో ఆరు ఉండేవి. నాలుగు చెంబుల నీళ్ళు పొయ్యమంటే ఐదు పోయాలి. మా ఇంట్లో ఐదంటే ఆరు. నేను బడిలో లెక్కల్లో తన్నులు తిన్నదంతా దీనివల్లేనని మామ ఎగతాళి చేసేవాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నాకు దీంతో పని ఉంది.

ఇంకో సంగతి ఆమె ముడి. దారం తెగిందంటే మిషన్ టక్కున ఆపేసేది. ఒక్క చేతి రెండు వేళ్ళతో, మనం చూసేలోపల, రెండు కొసలూ కలిపి ముడి వేసి మళ్ళీ మిషన్ తిప్పేది. ఆ ముడి తడిమినా చేతికి తగలదు. ఎంత పనున్నా తెగిన దారాన్ని తర్వాత చూద్దామని వదిలేది కాదు. "తెగినకాడనే అతుకాలె. ఎనుక అతుకుత అంటే బట్టల కనవడ్తది," అనేది. కూర్చో, నేర్పిస్తానని నాకు ఎన్నిసార్లు చెప్పిందో. "కూసుండుడు గూడ పనేరా" అని కూడా అనేది. నేను కూర్చుంటే కదా.

అలాంటి నాకు బ్యాంకు ఉద్యోగం వచ్చింది. పొద్దున పదినుంచి సాయంత్రం ఐదుదాకా కుర్చీలో. ఆరు నెలల్లో పిచ్చెక్కింది. పొద్దున్నే తాపీ నదిలో ఈత కొట్టే గుంపులో చేరాను. అడ్డకట్ట పైన నీళ్ళు నిలకడగా ఉంటాయి, అక్కడ. డాక్టర్లు, బట్టల వ్యాపారులు, ఒక ఇంజినీరు, అందరూ పనికి పోయేముందు ఒళ్ళు తడుపుకునేవాళ్ళే. వాళ్ళలో ఒక వజ్రాల వ్యాపారి విదేశంలో ఒక పోటీ చూసొచ్చాడు. రెండు కిలోమీటర్ల ఈత, నీళ్ళలోంచి లేవగానే ఎనభై కిలోమీటర్ల సైకిల్, సైకిల్ దిగగానే ఇరవై కిలోమీటర్ల పరుగు. మధ్యలో విశ్రాంతి లేదు. మొత్తం ఎనిమిది గంటల్లో అయిపోవాలి. మనమూ పెట్టుకుందాం అన్నాడు. పద్నాలుగు మందిమి పేర్లిచ్చాం. ఎవరికీ అది వృత్తి కాదు, ఎవరికీ దాంతో ఒరిగేదేమీ లేదు. నాకు మాత్రం ఆ రోజునుంచి నిద్రపట్టలేదు.

అత్తకు చెప్పాను. శ్రద్ధగా నా పెదాలు చూస్తూ విన్నది.

"ఎవలన్న తరుముతున్నరారా?"

"లేదత్తా."

"తరుమకుంట ఉరుకుడేందిరా?"

ఆమె మళ్ళీ మిషన్ తిప్పడం మొదలుపెట్టింది. కానీ మర్నాడు పొద్దున నేను నది నుంచి వచ్చేసరికి నా కోసం మక్క గట్క, అంటే మొక్కజొన్న జావ, చెంబుడు సల్ల, అదే మజ్జిగ, పెట్టి ఉన్నాయి. తొమ్మిది నెలల పాటు ఒక్క రోజు కూడా తప్పలేదు.

ఆ తొమ్మిది నెలలూ నేను మనిషిలా లేను. నీళ్ళలో ఉంటే సైకిల్ గుర్తొచ్చేది, సైకిల్ మీద ఉంటే పరుగు గుర్తొచ్చేది, కౌంటర్‌లో కూర్చుంటే మూడూ గుర్తొచ్చేవి. గేర్ల సైకిల్ ఒకటి కొన్నాను. మామ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "స్టాండ్ లేదు, క్యారియర్ లేదు, గంట గూడ లేదు. గిదేం సైకిల్‌రా?" అన్నాడు. ఒక రోజు పొద్దున సచిన్ రోడ్డు మీద ఆయన మిల్లుకు పోయే బస్సును దాటేశాను. కిటికీలోంచి తల బయటపెట్టి బస్సు అంతటికీ వినపడేలా, "మా అల్లుడు! సీటు దొరికినా కూసోడు!" అని అరిచాడు. బస్సులో ఒరియావాళ్ళు, బీహారీలు, ఎవరికీ తెలుగు రాదు. అందరూ చేతులూపారు.

అత్త మాత్రం సాయంత్రాలు నదీ గట్టు మీదికి వచ్చి, సంచీ పరుచుకుని కూర్చుని, నేను పరిగెడుతుంటే చూసేది. దాటి వెళ్తున్నప్పుడు కేకేసేది. "ఎడమ కాలు ఈడుస్తున్నవ్!" నేను ఈడ్చడం లేదని అరిచేవాణ్ణి. నిజానికి ఈడుస్తూనే ఉండేవాణ్ణి. రోజంతా కదిలే దారం చూసే కళ్ళకు ఎక్కడ సాగిందో ఎక్కడ సడలిందో తెలిసిపోతుంది. నేను చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా చీర కొంగు కొసన ఒక ముడి వేసుకునేది. ఆ రోజుకు నేను ఎన్ని చుట్లు తిరిగానో ఆ ముళ్ళు చెప్పేవి.

పోటీ రోజు చలికాలం. పొద్దున ఏడింటికి నీళ్ళలో దిగాం. ఈత బాగా పోయింది. సైకిల్ మీద యాభై కిలోమీటర్లు దాటాక తొడలు పట్టేశాయి, అయినా లాక్కొచ్చాను. పరుగు ఆ గట్టు మీదే. అడ్డకట్ట దగ్గర మొదలుపెట్టి, దూరంగా ఉన్న నీళ్ళ ట్యాంకు దాకా పోయి తిరిగి రావాలి. అది ఒక చుట్టు, నాలుగు కిలోమీటర్లు. అలా ఐదు. నిర్వాహకుల దగ్గర మనుషులు తక్కువ. అందుకని ఒక పద్ధతి పెట్టారు. ఎవరి వెంట వచ్చిన మనిషి వాళ్ళకు చుట్టు పూర్తయినప్పుడల్లా మణికట్టుకు ఒక రబ్బరు బ్యాండు వేయాలి. పరుగు ముగిసేచోట కట్టిన తాడు దగ్గర నిలబడ్డ పెద్దాయన ఐదు లెక్కపెట్టి లోపలికి పంపిస్తాడు.

నా మనిషి అత్త. రబ్బరు బ్యాండు చేత్తో సాగదీసి చూసి, "చెమటకు కోస్తది, పుండైతది," అని తిరిగి ఇచ్చేసింది. బొడ్లోంచి పసుప్పచ్చ దారాలు తీసింది. అన్నీ ఒకే పొడుగున కోసి తెచ్చుకుంది. పెద్దాయన నవ్వి, "ధాగా భీ చలేగా," దారమైనా పర్వాలేదు, అన్నాడు.

నేను సైకిల్ దిగి బూట్లు మార్చుకుంటుంటే అత్త వంగి నా మణికట్టుకు ఒక దారం కట్టింది. ఒక్క చేత్తో. ఇంకా అడుగు కూడా వేయలేదు నేను. చూశాను, ఉరికాను.

మొదటి చుట్టుకు ఇంకోటి కట్టింది, ఉప్పు వేసిన సల్ల ఇచ్చింది. రెండో చుట్టుకు ఇంకోటి. మూడో చుట్టులో ఎండ నడినెత్తికొచ్చింది. ట్యాంకు దగ్గర ఒక ఇనప గొట్టం ఉంది. అక్కడ తిరిగినప్పుడల్లా దాన్ని అరచేత్తో చరిచేవాణ్ణి, ఎందుకో తెలియదు, అలవాటైంది. అరచెయ్యంతా తుప్పు. నాలుగో చుట్టులో కళ్ళు మసకలు కమ్మాయి. అత్త దారం కట్టి, సల్ల కోసం చెంబు వైపు వంగింది. రెండడుగుల అవతలే తాడు. పెద్దాయన నా చెయ్యి పట్టుకుని పైకెత్తి, "ఏక్, దో, తీన్, చార్, పాంచ్! పూరా!" అన్నాడు. తాడు దించారు. చప్పట్లు కొట్టారు. ఎవరో మెడలో పతకం వేశారు. ఎవరో కుర్చీ తెచ్చారు.

అత్తకు ఇవేవీ వినపడలేదు. చెంబు పట్టుకుని తల ఎత్తేసరికి నేను తాడు లోపల ఉన్నాను. వచ్చి నా ముందు నిలబడింది.

"ఇంకొకటున్నదిరా."

నేను వంగి బూటు తాళ్ళు వదులు చేసుకుంటున్నాను.

"మొదటిది దేవునిది. నాలుగే ఉరికినవ్. లే, ఇంక మస్తు టైమున్నది."

టైమ్ నిజంగానే ఉంది. ఇంకో గంట ఉంది. కుంటుతూ నడిచినా సరిపోతుంది. నేను ఆమె మీద అరిచాను. "ముందుగాల చెప్పొద్దా? గింతమంది ముంగట నా ఇజ్జత్ తీస్తవా? నీ దేవునికి కావాల్నంటే నువ్వే ఉరుకు పో," అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళకు తెలుగు రాదు కాబట్టి అలసట అనుకున్నారు. అత్త కాసేపు నా పెదాల వైపే చూసింది, సరిగ్గా పట్టుకున్నానా లేదా అన్నట్టు. తర్వాత చెంబు నా పక్కన పెట్టి వెళ్ళి తన సంచీ మీద కూర్చుంది. ఆమె వేళ్ళకు ఇంకో దారం చుట్టుకుని ఉంది. ఐదు చుట్లకని ఆరు తెచ్చుకుంది. ఆ గంటంతా నేను ఆ కుర్చీలోంచి లేవలేదు. జీతం కోసం కాకుండా ఒకచోట అంతసేపు కదలకుండా కూర్చోవడం నా జన్మలో అదే మొదలు.

తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. బ్యాంకు నోటీసు బోర్డు మీద ఫోటో పెట్టారు. మేనేజర్ పూలగుత్తి ఇచ్చాడు. మా నేత కులస్తులంతా కలిసి శాలువా కప్పారు. అందరూ అత్తను అడిగేవారు, మీ అల్లుడు అంత దూరం ముగించాడట కదా అని. "మంచిగ ఉరికిండు," అనేది. ఎంతమంది ఎన్నిరకాలుగా అడిగినా ఆ ఒక్క మాటే. ముగించాడని ఒక్కసారి కూడా అనలేదు. ముగించలేదని కూడా అనలేదు. ఆరో దారం కండెల మిషన్ పిడికి కట్టి ఉండేది. నేను వేరే ఇంటికి మారాక, వెళ్ళినప్పుడల్లా "కాళ్ళెట్లున్నయ్‌రా?" అని అడిగేది. అంతే. మంచిగనే ఉన్నయ్ అని చెప్పి పది నిమిషాల్లో లేచి వచ్చేసేవాణ్ణి.

మళ్ళీ పోటీ పెడతామంటే నేను పేరివ్వలేదు. పొద్దున్నే పరిగెత్తడం మాత్రం మానలేదు. ఊరంతా పరిగెత్తాను, ఆ గట్టు మీద తప్ప. తరుమకుండా ఉరకడమేమిటని అడిగింది కదా అత్త. అప్పుడు తరిమేవాళ్ళు లేరు. తర్వాత ఉన్నారు.

రెండేళ్ళకు తాపీకి పెద్ద వరద వచ్చింది. గదిలో నీళ్ళు కప్పు దాకా ఎక్కాయి. మిషన్ బురదలో కూరుకుపోయి తుప్పుపట్టింది. అత్త, మామ మూడు రోజులు పక్కవాళ్ళ మేడ మీద ఉన్నారు. పైకెక్కేటప్పుడు ఆమె తీసుకెళ్ళింది దేవుని పటం ఒక్కటే. ఆ తర్వాత కొన్నేళ్ళకు నది ఒడ్డున ఉన్నవాళ్ళకు ఊరవతల కోసాడ్‌లో సర్కారు ఇళ్ళిచ్చారు. అక్కడికి మొదటిసారి వెళ్ళినప్పుడు చూశాను. గోడకు పటం ఉంది. పటం చట్రానికి పసుప్పచ్చ దారం కట్టి ఉంది. మిషన్ మునిగేలోపలే విప్పి పటానికి కట్టుకుందన్నమాట, మిషన్ పోయినా అది పోలేదు. అప్పటినుంచీ నేను ఆ పటానికి వీపు పెట్టి కూర్చునేవాణ్ణి.

ఆమెకు ఆయాసం ఎక్కువైన రోజుల్లో, పోవడానికి నెలముందు, ఒక ఆదివారం వెళ్ళాను. నా చొక్కా మీద నూగు కోసం వెతికింది. బ్యాంకు చొక్కా మీద నూగెక్కడుంటుంది? చెయ్యి అలాగే నా భుజం మీద ఉంచి, "తప్పు నాదేరా అయ్య," అన్నది.

"ఏం తప్పత్తా?"

"ముందుగాల చెప్పవలసి ఉండె. మొదటిది దేవునిదని. నీకు యాదికుంటదనుకున్న. నా అలవాటు నీ మెడకు సుట్టుకున్నది. అంత కష్టవడితివి, నా అసుంటి ఎడ్డిదాని పాలైతివి."

అత్త ఇన్నేళ్ళూ దాన్ని తన తప్పు అనుకుంది. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. "పాత ముచ్చట ఇప్పుడెందుకత్తా," అని, మందులు తెస్తానని లేచాను. మందులు ఇంట్లోనే ఉన్నాయి.

అక్కడ చెప్పనిది ఇక్కడ చెబుతున్నాను, మీరే సాక్షి. నాకు తెలుసు. ఐదంటే ఆరని తెలిసిన ఇంట్లో పెరిగినవాణ్ణి, నాకు తెలియకపోవడం ఏమిటి? ఆమె నేను అడుగు వేయకముందే దారం కట్టినప్పుడే తెలుసు అది దేవునిదని. అదీ పోనీ, ట్యాంకు గొట్టాన్ని నాలుగుసార్లే చరిచాను. పెద్దాయన నా చెయ్యెత్తి లెక్కపెడుతుంటే నా అరచేతి తుప్పు నాకు కనపడుతూనే ఉంది. పాంచ్ అన్నప్పుడు కాదని అనడానికి నా నోరు బాగానే ఉంది. కాళ్ళే వద్దన్నాయి, నేను వాటి మాట విన్నాను. ఆ తర్వాత అరిచి, తప్పు ఆమె మీదికి నెట్టాను. ఆమె తీసుకుని, దాచుకుని, అదే మోసుకుంటూ వెళ్ళిపోయింది. నాకు సిగ్గుగా ఉంది. సిగ్గు అన్న మాట కూడా చాలడం లేదు.

పదకొండో రోజు అయ్యాక మామకు మొత్తం చెప్పాను. ఆయన లేచి పటం దించి, చట్రానికున్న దారం గోటితో విప్పడం మొదలుపెట్టాడు. ఆమె ముడి, ఎంతకీ రాలేదు. చివరికి వచ్చింది. నా చేతిలో పెట్టాడు.

"పారెయ్యనా అని ఎన్నిసార్లు అడిగిన్నో. వద్దనేది. 'వాడే అడుగుతడు ఎప్పుడన్న' అనేది," అన్నాడు.

మర్నాడు తెల్లవారగానే ఆ గట్టు మీదికి వెళ్ళాను. వరద తర్వాత అక్కడ పక్కగా గోడ కట్టారు, దారి కొంచెం మారింది. ట్యాంకు అక్కడే ఉంది, గొట్టం కూడా ఉంది. దారం గుప్పిట్లో పట్టుకుని ఉరికాను. నాలుగు కిలోమీటర్లు నాకు ఒక లెక్క కాదు, రోజూ అంతకు మూడింతలు పరిగెడతాను. ఆ రోజు మాత్రం ఎడమ కాలు ఈడుస్తున్నట్టు నాకే తెలుస్తోంది. గొట్టాన్ని చరిచి వెనక్కి తిరిగాను. దీంతో ఏదో సరిపోతుందని నేను అనుకోలేదు. తెగినకాడ అతకలేదు, ఇన్నేళ్ళ వెనక అతుకుతున్నాను. ఇది బట్టలో కనపడుతుంది. కనపడనీ.

అత్త సంచీ పరుచుకుని కూర్చునే చోట ఆగాను. దారం మణికట్టు చుట్టూ తిప్పాను. ఒక్క చేత్తో ముడి పడలేదు. ఆమె రెండు వేళ్ళ మధ్య రెప్పపాటులో పడే ముడి అది, వేలసార్లు చూశాను. నేర్చుకునేంతసేపు ఎప్పుడూ కూర్చోలేదు. నిలబడే మళ్ళీ ప్రయత్నించాను. చెమటకు దారం జారిపోయింది.

అప్పుడు కింద కూర్చున్నాను. పాలవాళ్ళు, బడికి పోయే పిల్లలు నన్ను దాటుకుని పోతున్నారు. ఎండ మెల్లగా గట్టు ఎక్కుతోంది. ఒక కొస పళ్ళతో పట్టుకుని, ఇంకో కొస రెండు వేళ్ళతో తిప్పుతూ, జారితే మళ్ళీ మొదలుపెడుతూ, అక్కడే కూర్చుని ఉన్నాను.